ప్రయోగశాల నుండి పణ్యవీథికి

"పెద్దవాడవైన పిదప ఏమి కాదలచితివి?" అని తరగతిలో పిల్లలను ప్రశ్నింపని ఉపాధ్యాయుడు ఉండడు. డాక్టరునని ఒకడు, ఇంజనీరునని ఒకడు, కలెక్టరునని మరియొకడు చెప్పును. ఏ మూలనో కూర్చున్న బాలిక మెల్లగా లేచి, "శాస్త్రజ్ఞురాలను కాదలచితిని" అనును. ఆ మాటకు మనము సంతోషింతుము. కాని ఆ బాలికయే, "శాస్త్రజ్ఞురాలనై, నేను కనిపెట్టిన వస్తువును నేనే తయారుచేసి అమ్ముదును" అనినచో తరగతి అంతయు గొల్లున నవ్వును. ఒక్కొక్కప్పుడు ఉపాధ్యాయుడు గూడ నవ్వును.

చదువునకును వ్యాపారమునకును చుక్కెదురని మనకు తరతరముల నమ్మకము. లక్ష్మి అత్త, సరస్వతి కోడలు. అత్తాకోడండ్రు ఒక ఇంట ఇమడరని పెద్దలు చమత్కరింతురు. పండితుడు పేదవాడుగా ఉండుటయే సహజమనియు, వర్తకునకు శాస్త్రముతో పని లేదనియు మనము ఆ చమత్కారమునుండి ఒక ధర్మమునే కల్పించుకొంటిమి. ఈ అత్తాకోడండ్రను ఒక కప్పు క్రిందికి చేర్చుటకు కొన్ని ప్రభుత్వములు గత అర్ధశతాబ్దిగా ఒక ప్రయత్నము చేయుచున్నవి. పరిశోధన ముగించి, ఇంకను జీవితమున స్థిరపడని యువశాస్త్రజ్ఞులకు చిన్న చిన్న మొత్తములను గ్రాంటుగా ఇచ్చి, వారిచేత చిన్న పరిశ్రమలను పెట్టించుటయే ఆ ప్రయత్నము. ఆ ధనము ఋణము కాదు, తిరిగి చెల్లింపనక్కరలేదు. అట్లని దానమును కాదు. దాని ప్రతి విడతకును లెక్క చెప్పవలెను. మరి అది ఏమి? ప్రజాధనమును అట్లు వెచ్చించుట న్యాయమేనా? విచారింపదగిన విషయమే.

నడుమ నున్న లోయ

నల్లగొండ జిల్లాలో పుట్టిన ఒక యువతిని ఊహించుకొందము. ఫ్లోరైడు నీరు త్రాగి పండ్లు గారపట్టినవారిని, నడుములు వంగినవారిని చిన్ననాటినుండి చూచిన పిల్ల ఆమె. రసాయనశాస్త్రమున డాక్టరేటు పట్టమునకై అయిదారేండ్లు శ్రమించి, నీటిలో ఫ్లోరైడు ఉన్నచో రంగు మారు ఒక పదార్థమును తయారుచేసెననుకొందము. పరీక్షనాళికలో అది చక్కగా పనిచేసినది. వ్యాసము అచ్చయినది. పట్టము చేతికి వచ్చినది.

ఇక ఆ పదార్థమును పల్లెలో ఎవరైనను వాడుకొనదగిన వస్తువుగా మార్చవలెను. ఎండకు, తేమకు అది చెడకుండవలెను. వేయి ముక్కలు చేసినచో వేయియు ఒక్క తీరుగ పనిచేయవలెను. దానికి ధనము కావలెను. విశ్వవిద్యాలయమును అడిగినచో, "వ్యాసము వెలువడినది గదా, మా పని ముగిసినది" అనును. బ్యాంకునకు పోయినచో, "తనఖా పెట్టుటకు ఇల్లున్నదా, పొలమున్నదా?" అని అడుగుదురు. పెట్టుబడిదారుని చెంతకు పోయినచో, "ఇంతవరకు ఎన్ని అమ్మితివి?" అనును. వస్తువు లేనిదే అమ్మకము లేదు. ధనము లేనిదే వస్తువు లేదు. అమ్మకము లేనిదే ధనము రాదు. పిచ్చి కుదిరితేగాని పెండ్లి కాదు, పెండ్లి అయితేగాని పిచ్చి కుదరదు అను సామెత ఇట్టి స్థితిని గూర్చియే పుట్టియుండును. ప్రయోగశాలకును అంగడికిని నడుమ నున్న ఈ అగాధమునకు పాశ్చాత్యులు "మృత్యులోయ" అని పేరు పెట్టిరి.

ఇందులో బ్యాంకును నిందించుట న్యాయము కాదు. ఋణము పొందిన సంస్థ కోట్లు గడించినను బ్యాంకునకు దక్కునది వడ్డీయే. అది మునిగినచో బ్యాంకునకు పోవునది అసలు. పదిమంది దాచుకొన్న సొమ్మును అది అట్టి పందెమున ఒడ్డజాలదు. తలలోని జ్ఞానమును తాకట్టు పెట్టుకొను షావుకారు ఎచ్చటను లేడు. అదియునుగాక, క్రొత్తదానిని కనిపెట్టినవానికి దాని ఫలమంతయు దక్కదు. పొరుగువాడు చూచి నేర్చుకొనును. వానిని చూచి మరియొకడు మెరుగుపరచును. లాభము పదిమందిది, నష్టభయము ఒక్కనిది. కావున ఆ తొలి నష్టభయములో కొంత భాగమును పదిమంది పక్షమున ప్రభుత్వము పంచుకొనవలెనని ఆర్థికశాస్త్రజ్ఞులు వాదింతురు. గ్రాంటునకు ఆధారము ఈ వాదమే. శాస్త్రజ్ఞునిపై జాలి కాదు.

మూడు మెట్ల పథకము

ఈ వాదమును మొదట ఆచరణలో పెట్టినవారిలో రోలండ్ టిబెట్స్ అను అమెరికా ఉద్యోగి ముఖ్యుడు. అతడు నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అను ప్రభుత్వ సంస్థలో పనిచేసెను. ఆ సంస్థ గ్రాంట్లు ప్రధానముగ విశ్వవిద్యాలయములకు పోవుచుండెడివి. చిన్న సంస్థలకు గూడ వానిలో కొంత భాగము ఉండవలెనను ఒత్తిడి ఆ దినములలో బయలుదేరెను. 1977లో టిబెట్స్ ఒక చిన్న పథకమును ఆరంభించెను. దాని నిర్మాణము మన రైతునకు సులభముగ బోధపడును.

మొదటి మెట్టు నారుమడి. భావము సాధ్యమా, అసాధ్యమా అని తేల్చుకొనుటకు సుమారు ఆరు నెలల కాలమునకు చిన్న మొత్తము ఇత్తురు. రెండవ మెట్టు నాటు. మొదటి మెట్టున నిలిచిన వానిలో కొన్నింటిని ఎన్నుకొని, నమూనా వస్తువును తయారుచేయుటకు సుమారు రెండేండ్లపాటు పెద్ద మొత్తము ఇత్తురు. మూడవ మెట్టు పంట. అచ్చట ఈ పథకమునుండి కాసు గూడ రాదు. అమ్మకముల వలననో, ప్రైవేటు పెట్టుబడి వలననో సంస్థ తన కాళ్ళపై తాను నిలువవలెను. నారు పోసినవాడు నీరు పోయడా అని మనవారందురు. టిబెట్స్ పథకమున నారు పోసినవాడు రెండు తడులు మాత్రమే పోయును. ఆ పిదప ఎవరి బావి వారు త్రవ్వుకొనవలెను. ఈ పథకపు బలమంతయు ఆ మూడవ మెట్టున ఉన్నదని నా అభిప్రాయము. ముగింపు లేని సాయము మనిషిని ఆశ్రితుని చేయును.

ఈ ప్రయోగము ఫలించుట చూచి, అమెరికా కాంగ్రెసు దీనిని ప్రభుత్వ శాఖలకు విస్తరింపజేసెను. 1982 జులై 22వ తేదీన అధ్యక్షుడు రీగన్ ఆ చట్టముపై సంతకము చేసెను. పరిశోధనకై బయటి సంస్థలకు ఏటా 10 కోట్ల డాలరులకు మించి ఇచ్చు ప్రతి శాఖయు, అందులో ఒక నిర్ణీత భాగమును చిన్న సంస్థలకు ప్రత్యేకింపవలెనని ఆ చట్టము విధించెను. మొదట నూటికి 0.2గా ఉన్న ఆ భాగము క్రమముగ పెరిగి 2017 నాటికి 3.2కు చేరెను. ప్రభుత్వము సంస్థలో వాటా అడుగలేదు. పేటెంటుపై యాజమాన్యమును సంస్థకే విడిచెను. కాని ఒక నియమము మాత్రము గట్టిగా పెట్టెను. పరిశోధనకు నాయకుడుగ ఉండువాని ముఖ్యోద్యోగము ఆ చిన్న సంస్థలోనే ఉండవలెను. విశ్వవిద్యాలయపు కుర్చీలో ఒక కాలు, అంగడిలో ఒక కాలు పెట్టుటకు వీలులేదు. పడవ ఎక్కవలసినవాడు గట్టు విడువవలెను.

ఇట్లు గట్టు విడిచినవారిలో కొందరు చాల దూరము పోయిరి. 1982లో పుట్టిన సిమాంటెక్, 1985లో పుట్టిన క్వాల్‌కామ్ తమ తొలి దినములలో ఈ చిన్న గ్రాంట్లను పొందినవే. నేడు మన చేతులలోని సెల్‌ఫోనులలో ఎన్నింటికో ప్రాణము వంటి చిప్పులు క్వాల్‌కామ్ రూపొందించినవి.

పరిశీలకులు చెప్పినది

పెద్ద పేర్లు చెప్పుట సులభము. మామిడితోటలో ఒక్క తియ్యని పండు చూపి తోట అంతయు తియ్యనిదనుట తర్కము కాదు. కావున లెక్కలు చూడవలెను. సబ్రీనా హోవెల్ అను ఆర్థికశాస్త్రవేత్త అమెరికా ఇంధనశాఖకు అందిన దరఖాస్తులను పరిశీలించి 2017లో ఒక వ్యాసమును ప్రకటించెను. గ్రాంటు కొద్దిలో తప్పిపోయినవారిని, కొద్దిలో దక్కినవారిని ఆమె ప్రక్కప్రక్కన నిలిపి చూచెను. కొద్ది మార్కులతో తప్పినవాడును కొద్ది మార్కులతో గట్టెక్కినవాడును తెలివిలో ఇంచుమించు సమానులే యని ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆ ఇద్దరి నడుమ తరువాత కనబడు భేదము గ్రాంటు వలన కలిగినదే కావలెను.

ఫలితము ఇది. సుమారు లక్షన్నర డాలరుల మొదటి మెట్టు గ్రాంటు దక్కినచో, ఆ పిదప ప్రైవేటు సాహస పెట్టుబడి లభించు అవకాశము నూటికి 10 నుండి 19కి పెరిగెను. అనగా ఇంచుమించు రెట్టింపు. అంతకంటె ఎంతో పెద్దదియైన రెండవ మెట్టు గ్రాంటునకు అట్టి ప్రభావము కనబడలేదు. ప్రభుత్వముద్ర చూచి పెట్టుబడిదారులు నమ్మిరా, లేక ఆ ధనముతో చేసిన నమూనాను చూచి నమ్మిరా అని ఆమె ఇంకను శోధించెను. నమూనాయే కారణమని తేల్చెను. బిరుదు కాదు, చేతితో చేసి చూపిన వస్తువే తలుపు తెరచినది.

మరియొక ప్రక్క గూడ చూడవలెను. జాష్ లెర్నర్ అను పండితుడు 1999లో ప్రకటించిన పరిశీలనమున, గ్రాంటు పొందిన సంస్థలు ఇతరముల కంటె వేగముగ పెరిగినను, ఆ పెరుగుదల సాహస పెట్టుబడి అప్పటికే ప్రవహించుచున్న ప్రాంతములకే పరిమితమని తేలెను. ఒకే సంస్థకు మరల మరల గ్రాంట్లు ఇచ్చుట వలన అదనపు మేలు కనబడలేదు. అంగడిని చేరు ఉద్దేశమే లేక గ్రాంటు వెంట గ్రాంటు సంపాదించుటనే వ్యాపారముగ చేసికొన్న సంస్థలు అచ్చట పుట్టినవి. వానిని వారు "గ్రాంటు మిల్లులు" అని ఎగతాళి చేయుదురు.

ఇట్టి పథకమునకు కాలనియమము ప్రాణము. 2025 సెప్టెంబరు 30వ తేదీతో ఆ అమెరికా చట్టపు గడువు తీరెను. సకాలమున పొడిగింపు జరుగకపోవుటచే క్రొత్త గ్రాంట్లు నిలిచిపోయెను. నాలుగు దశాబ్దములు నడచిన పథకమునకే అట్టి గండము తప్పలేదు. పెద్ద సంస్థ ఆరు నెలలు ఆగగలదు. ముగ్గురు మనుష్యులు, ఒక అద్దెగది, మూడు నెలల జీతములకు సరిపడు ధనము గల చిన్న సంస్థ ఆగలేదు. అదను దాటిన పిదప కాలువలో నీరు వదలినను పైరునకు ప్రయోజనమేమి?

మన దేశమున

మన దేశమున శాస్త్రమును పరిశ్రమతో కలుపు యత్నములు చాలకాలమునుండి ఉన్నవి. 1996లో కేంద్ర ప్రభుత్వము సాంకేతికాభివృద్ధి మండలిని స్థాపించెను. దాని తోడ్పాటు పొందినవానిలో మన హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ ఒకటి. నెల్లూరు సీమకు చెందిన ఎలక్ట్రానిక్సు ఇంజనీరు వరప్రసాదరెడ్డి 1993లో తల్లి పేరిట ఆ సంస్థను నెలకొల్పి, హెపటైటిస్-బి వ్యాధికి టీకాను స్వదేశమున చేయ సంకల్పించెను. ఆనాటి బ్యాంకులకు జన్యుసాంకేతికము బోధపడలేదు; తొలి పెట్టుబడి ఒమాను దేశమునుండి వచ్చెను. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ప్రయోగశాలయు, ఆ పిదప సి.సి.ఎం.బి. ఆవరణయు ఆ యువశాస్త్రజ్ఞులకు నీడ ఇచ్చెను. 1997 ఆగస్టులో టీకా వెలువడెను. దిగుమతి టీకా ఒక్క మోతాదునకు వందల రూపాయలు పలుకుచున్న కాలమున సామాన్యునికి అందు ధరకు అది వచ్చినది. పోటీ వలన దిగుమతి టీకాల ధరలును దిగివచ్చినవి. ప్రయోగశాల అంగడికి చేరినచో ఎవరికి లాభమను ప్రశ్నకు ఇంతకంటె మంచి సమాధానము మన చెంత లేదు.

కాని అందరికిని ఒమాను మిత్రుడు దొరకడు. అందులకే నియమబద్ధమైన మార్గము కావలెను. 2005లో కేంద్ర జీవసాంకేతిక శాఖ అమెరికా పథకమును తలపించు ఒక పథకమును చిన్న పరిశ్రమలకై ఆరంభించెను. 2012లో ఆ శాఖయే బైరాక్ అను ప్రభుత్వసంస్థను స్థాపించెను. అది ఇచ్చు గ్రాంట్లలో యువకులకు మిక్కిలి పరిచితమైనది "బిగ్" అను జ్వలన గ్రాంటు. పొయ్యిలో తొలి నిప్పు రాజేయుటకు ఇచ్చునది కావున ఆ పేరు తగియున్నది. భావము సాధ్యమని ఋజువు చేయుటకు 18 నెలల కాలమున 50 లక్షల రూపాయల వరకు లభించును. స్థాపిత సంస్థలే కాదు, స్వతంత్ర వ్యక్తులు గూడ దరఖాస్తు పెట్టవచ్చును.

ఆ ధనము ఢిల్లీనుండి నేరుగ చేతికి రాదు. నడుమ ఇంక్యుబేటరు అను సంస్థ ఉండును. గ్రుడ్లను పొదుగు యంత్రమునకు ఆ పేరు గలదు. ఈ సంస్థ చేయు పనియు అదియే. గది, ఉపకరణములు, సలహా ఇచ్చుచు, పని ఏ మజిలీకి చేరినదో చూచి విడతలుగ ధనము ఇప్పించును. మొదటినుండి ఈ భారము వహించిన వానిలో హైదరాబాదు చెంత తుర్కపల్లిలోని ఐ.కె.పి. నాలెడ్జి పార్కు ఒకటి. బెంగుళూరులో భారతీయ విజ్ఞాన సంస్థనుండి వచ్చిన యువకులు 2011లో స్థాపించిన పాండోరమ్ సంస్థ ఈ గ్రాంటుతో పనిచేసి, 2015లో త్రిమితీయ ముద్రణము వలన కాలేయపు కణజాలమును రూపొందించినట్లు ప్రకటించెను. జీవశాస్త్రమునకు వెలుపలివారికి, 2016లో మొదలైన నిధి అను కేంద్ర కార్యక్రమము క్రింద నమూనా వస్తువు చేయుటకు 10 లక్షల రూపాయల వరకు ఇచ్చు ప్రయాస్ అను సాయము కలదు. పేరులోనే ప్రయాస ఉన్నది, అది దాచలేదు.

నూరు గడపలు

ధనము మాత్రమే చాలదు. శాస్త్రజ్ఞుడు ఇంతవరకు తోటి శాస్త్రజ్ఞుల మెప్పునకై పనిచేసినవాడు. ఇప్పుడు కొనువాని మెప్పు కావలెను. ఈ మార్పు నేర్పుటకు అమెరికాలోని ఆ నేషనల్ సైన్స్ ఫౌండేషనే 2011లో ఐ-కోర్ అను శిక్షణమును పెట్టెను. ఏడు వారములలో సుమారు నూరుమంది కొనుగోలుదారులను వారున్న చోటికే పోయి కలిసి మాటాడవలెనని అందలి నియమము. తన వస్తువును పొగడుట కాదు. వారి కష్టమును వినుట.

మన నల్లగొండ యువతిని మరల తలచుకొందము. ఆమె తన పరికరము లీటరునకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్నదో దశాంశముతో చెప్పునని గర్వించును. నూరు గడపలు ఎక్కి దిగిన పిదప ఒక ఇల్లాలు అనవచ్చును: "అమ్మా, నాకు అంకె వలదు. ఈ బిందె త్రాగవచ్చునా, లేదా? ఎర్రయో, పచ్చయో చూపుము." ఆ ఒక్క మాట ఆమె రెండేండ్ల శ్రమను మార్చివేయును. అందు అవమానము లేదు. శాస్త్రము ఎవరికొరకో ఆమెకు ఆనాడు తెలిసినది.

కాని ఆమె ఇంటిలో తండ్రి అడుగు ప్రశ్న వేరు: "జీతమెంత?" ఉద్యోగము పురుషలక్షణమని సామెత చెప్పినవారు ఈ కుమార్తెను ఊహింపనే లేదు. అయినను ఆ సామెత ఆమె నెత్తిన గూడ కూర్చున్నది. చెల్లెలి చదువు ఉన్నది, ఇంటి అప్పు ఉన్నది. గ్రాంటు యంత్రములకు, రసాయనములకు వచ్చును. ఇంటి బియ్యమునకు చాలునా? తాతల ఆస్తి గలవాడు రెండేండ్లు నిరీక్షింపగలడు. లేనివాని పిల్ల ఏమి చేయును? కలవారి బిడ్డలకే ఈ మార్గము తెరచియుండునేని ప్రజాధనమును వెచ్చించుటలో న్యాయము సన్నగిల్లును. అందుచే పనికి ధనముతోపాటు మనిషికి జీవనవృత్తియు కావలెను. నిధి కార్యక్రమములో అట్టి భృతి నిచ్చు విభాగము ఒకటి ఉండుట మంచిదే. ఆ భృతి నెలనెలా తప్పక చేరినపుడే అది భృతి.

చాలమంది ఓడుదురు, ఇది దాచవలసిన విషయము కాదు. నూరు విత్తులు చల్లినవాడు నూరు చెట్లు ఆశింపడు. కాని ఓటమికిని అక్రమమునకును భేదము తెలియవలెను. చెప్పిన పని శ్రద్ధతో చేసి, ఫలితము రాలేదని నిజాయితీగ వ్రాసినవాడు ప్రజాధనమును పాడుచేసినవాడు కాడు. ఆ దారిన పోవలదని తరువాతివానికి చెప్పిన ఉపకారి. పని చేయకయే లెక్కలు సరిపెట్టినవాడు వేరు. మన కార్యాలయములు మొదటివానిని రెండవవానివలె చూచినంత కాలము సాహసవంతులు దరఖాస్తు పెట్టరు.

ఉపాధ్యాయులతో ఒక మాట

ఇదంతయు డాక్టరేటు పొందినవారి గొడవ, పాఠశాలతో ఏమి పని అనవచ్చును. ప్రభుత్వము గూడ అట్లు తలపలేదు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ లాబుల పథకమున ఎన్నికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఏర్పరచిరి. ఆరవ తరగతినుండి పండ్రెండవ తరగతివరకు గల పిల్లలు తమ చేతులతో వస్తువులు చేసి చూచుటకై అది ఉద్దేశింపబడినది. ఆ గది ఉన్న బడులలో దాని తాళము తీసియుంచుడు. విరుగునని భయపడి బీరువాలో దాచిన పరికరము ఏ పిల్లవానికిని ఏమియు నేర్పదు. ఆ గది లేని బడులలో అట్టముక్క, తీగ, బ్యాటరీ చాలును.

పిల్లలందరును వర్తకులు కానక్కరలేదు. తెలిసికొనుటకే తెలిసికొను శాస్త్రజ్ఞులు లేనిదే అంగడికి తెచ్చుటకు గూడ ఏమియు మిగులదు. కాని విజ్ఞానశాస్త్రపు పాఠమున "ఎందుచేత?" అని అడుగుటతోపాటు అప్పుడప్పుడు "ఎవరికొరకు?" అనియు అడుగవచ్చును గదా. ప్రయోగము తప్పినపుడు ప్రక్కవాని పుస్తకము చూచి సమాధానము దిద్దుకొన్నవానికంటె, "నాకు ఇట్లు వచ్చినది" అని ఉన్నదున్నట్లు వ్రాసినవానికి ఒక మార్కు ఎక్కువ వేయవచ్చును. రేపు ప్రజాధనమునకు లెక్క చెప్పవలసినవాడు ఆ మార్కుతోనే తయారగును.

ఇక, కనిపెట్టిన వస్తువును తానే చేసి అమ్ముదునని ఏ బాలికయైన లేచి చెప్పినపుడు నవ్వకుడు. "ఎవరికి అమ్ముదువు? వారికి దాని అవసరమేమి?" అని అడుగుడు. ఆమె మరునాడు నాలుగు ఇండ్లు తిరిగి సమాధానముతో వచ్చినచో, అత్తాకోడండ్ర వైరమున ఒక ముడి అప్పుడే వీడినదని తలపవచ్చును.